పదోవంతు తగ్గిన యుద్ధనౌక

ఓడకు ముందొకటి, వెనకొకటి రెండు కొనలుంటాయనీ, ఆ రెండింటికీ మధ్య కొంత ఓడ ఉంటుందనీ మా పైవాళ్లకు తెలియదని నేను అనను. తెలుసు. కానీ తెలిసినదాన్ని ఆచరణలో పెట్టాలంటే ఉత్తర్వు కావాలి. మాకు వచ్చిన ఉత్తర్వు వేరే విషయం గురించి వచ్చింది.

దాని సారాంశం ఇది: నిధుల కొరత దృష్ట్యా రక్షణ కొనుగోళ్లన్నిటిలోనూ పదిశాతం కోత విధించడమైనది. సదరు కోత అన్ని పద్దులకూ సమానముగా వర్తించును. ఏ ఒక్క అంశమునకూ ఎక్కువగా గానీ తక్కువగా గానీ కోత విధించరాదు.

చివరి వాక్యం కింద గీత గీసి ఉంది. ఆ గీత వెనుక చాలా బాధ ఉందని తర్వాత తెలిసింది. అంతకుముందు ఏడాది కోత వచ్చినప్పుడు తుపాకుల వాళ్లు రాడార్ల వాళ్ల మీద, రాడార్ల వాళ్లు విమానాల వాళ్ల మీద, విమానాల వాళ్లు అందరి మీదా ఫిర్యాదులు రాసుకున్నారట. ఈసారి ఎవరి మనసూ నొప్పించకూడదని, అందరినీ ఒకేలా నొప్పించాలని నిర్ణయించారు.

మా యార్డులో అప్పుడు ఒకే ఒక యుద్ధనౌక తయారవుతోంది. దాని మీద ఈ కోత అమలు చేసే బాధ్యత నాకు అప్పగించారు. యార్డులో ప్రొబేషన్‌లో ఉన్న ఇంజనీరును నేనొక్కణ్ణే. పర్మినెంటు అయినవాళ్లంతా ఆ ఉత్తర్వు చదివి, చాలా బాగుందని మెచ్చుకుని, నా బల్ల మీదకు పంపారు.

నా పేరు ఓబులేసు. మాది కదిరి దగ్గర పల్లె. మా ఇంట్లో పదో తరగతి దాటినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఇంజనీరింగ్ చదివినవాణ్ణీ నేనే, సముద్రాన్ని చూసినవాణ్ణీ నేనే. మా వైపు నీళ్లు ట్యాంకరులో వస్తాయి. అందులో ఈత నేర్చుకోవడానికి వీలుండదు.

ఈత సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మా యార్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఓడ బరువు లెక్కకట్టి, ఇది తేలుతుందని సంతకం పెట్టిన ఇంజనీరు, ఆ ఓడ మొదటిసారి నీళ్లలోకి జారేటప్పుడు దాని ముందుభాగం మీద నిలబడాలి. ఎప్పుడో ఒక పాతకాలపు చీఫ్ ఇంజనీరు పెట్టిన పద్ధతి. అది వచ్చాక మా యార్డులో లెక్కలు తప్పలేదంటారు. కోత వేసేవాడే బరువు తగ్గించేవాడు గనుక, బరువు సంతకం కూడా నాదే అన్నారు. ఓడ నీళ్లలో దిగిన రోజున నా ఉద్యోగం పర్మినెంటు. దిగకపోతే నేను కదిరి బస్సెక్కాలి. దిగి తేలకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

ఓడను కట్టే ఏటవాలు గట్టు మీద ఫోర్‌మన్ సూరాడ ఎల్లాజీ. గట్టు కింద ఉన్న సముద్రం తన పెరటిదన్నట్టు మాట్లాడతాడు. నాకు ఈ బాధ్యత పడిందని తెలిసి, పని ఆపి మరీ దగ్గరకొచ్చాడు.

"బాబూ, ఈతొచ్చేటి మీకు?"

"రాదన్నా."

"ఓర్నాయనో. సంతకం పెట్టడం వచ్చా?"

"వచ్చు."

"అయితే సాల్లే. మునిగినా మీ సంతకం ఉంటాది."

చుట్టూ ఉన్న వెల్డర్లు నవ్వారు. నేను కూడా నవ్వాను. కొత్తవాణ్ణి కదా.

పొదుపు అమలు సంఘం అధ్యక్షులు వేదుల సాంబమూర్తి గారు ఢిల్లీ నుంచి వచ్చారు. ఆయన గురించి తేలిగ్గా మాట్లాడటం నాకిష్టం లేదు. చాలా నిజాయితీపరులు. ఉత్తర్వును తన ప్రయాణానికి కూడా వర్తింపజేసుకుని, చివరి పదోవంతు దూరం ముందే టాక్సీ దిగిపోయి, సూట్‌కేసు మోసుకుంటూ ఎండలో నడిచి వచ్చారు. చెమటలు తుడుచుకుని నేరుగా సమావేశంలో కూర్చున్నారు.

ఓడ పొడవు తొంభై మీటర్లు. తొమ్మిది మీటర్లు తగ్గించాలి. ఏ వైపు నుంచి అని నేను అడిగాను.

ఓడకు కాబోయే కెప్టెన్ కమాండర్ ప్రభుదాస్ బల్ల మీద చరిచాడు. "ముందువైపు తుపాకీ ఉందయ్యా. అది కోసేస్తే మేం సముద్రంలోకి దేనికి పోవాలి? రొయ్యలకా?"

ఇంజన్ల విభాగం లలితాంబ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "వెనకవైపు ప్రొపెల్లర్లున్నాయి. అవి తీసేస్తే అసలు మీరు పోయేదెక్కడికి లెండి."

పౌరసంబంధాల అధికారి కంగారుపడ్డాడు. "ముందుకొన లేకపోతే కొబ్బరికాయ ఎక్కడ కొట్టిస్తామండీ? మంత్రిగారి సతీమణికి ఇప్పటికే మాటిచ్చేశాం. ఆవిడ చీర కూడా కొనేసుకున్నారు."

సాంబమూర్తి గారు అందరి మాటా కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత తెరిచారు.

"ముందుభాగమునకు ప్రతినిధి ఉన్నారు. వెనుకభాగమునకు ప్రతినిధి ఉన్నారు. మధ్యభాగము తరఫున ఎవరు వచ్చినారు?"

ఎవరూ రాలేదు. మధ్యభాగంలో వంటగది, మంచినీళ్ల ట్యాంకు, వైద్యుడి గది ఉంటాయి. వాటిని చూసే అధికారి మరదలి పెళ్లికి సెలవు పెట్టి వెళ్లాడు.

"మధ్యభాగము నుండి ఎట్టి అభ్యంతరమూ అందనందున, దానిని తొమ్మిది మీటర్ల మేర తొలగించుటకు సంఘము ఏకగ్రీవముగా తీర్మానించినది."

అదృష్టమో దురదృష్టమో, ముందూ వెనకా అప్పటికే గట్టు మీద కట్టేసి ఉన్నాయి. మధ్యలో అతికించాల్సిన ముక్కలే ఇంకా మిగిలాయి. ఒక ముక్క మానేస్తే సరిపోతుంది. నాకు మాత్రం చదువుకున్న చదువు ఊరుకోనివ్వలేదు. లేచి నిలబడ్డాను.

"సార్, ముందూ వెనకా సన్నంగా ఉంటాయి. ఓడను నీళ్ల మీద మోసేది లావుగా ఉండే ఆ మధ్యభాగమే సార్. అది తగ్గిస్తే తేలడం కష్టమవుతుంది."

ఆయన కోప్పడలేదు. నా ముందున్న పద్దుల జాబితా వైపు చూపించారు. "తేలుట అనునది ఏ పద్దు కింద ఉన్నదో చూచి చెప్పుము."

వెతికాను. ఉక్కు ఉంది. పెయింటు ఉంది. కేబుళ్లున్నాయి. కెప్టెన్ గారి కుర్చీ దిండు కూడా ఉంది. తేలడం లేదు.

"లేదు సార్."

"పద్దు లేని దానికి మనము కోత విధింపలేదు బాబూ. కావున తేలుటకు ఎట్టి నష్టమూ వాటిల్లదు. నిశ్చింతగా ఉండుము."

అది విని కాసేపు నాకు కూడా ధైర్యం వచ్చింది. అంత నమ్మకంగా చెప్పారు.

అక్కడి నుంచి పని చకచకా సాగింది. తలుపుల ఎత్తు పదోవంతు తగ్గింది. కమాండర్ ప్రభుదాస్ ఆరడుగుల మనిషి. తన గదిలోకి తనే వంగి వెళ్లాల్సి వచ్చింది. నావికులలో దీనివల్ల వినయం పెంపొందునని సంఘం నమోదు చేసింది. మంచాల పొడవు తగ్గింది గనుక, ముడుచుకు పడుకునే అలవాటున్న నావికులను ఏరి పంపమని నౌకాదళానికి రాశాం. యుద్ధమొస్తే ఎదురయ్యే శత్రునౌకలు పది అని పాత అంచనా ఉండేది. దాన్ని తొమ్మిదికి సవరించాం. ఈ సవరణ ప్రతి ఒకటి శత్రువుకు కూడా పంపాలా అని నేను అడిగాను. ఇది గోప్యం, పంపకూడదన్నారు. శత్రువుకు తెలియకుండా అతని ఓడ ఎలా తగ్గుతుందో నాకు అర్థం కాలేదు గానీ, గోప్యం అన్నాక ఇక అడగలేదు.

ఒకే ఒకటి ఉన్న వస్తువుల దగ్గర మాత్రం చిక్కుపడ్డాం. ఓడ మీద హెలికాప్టర్ ఒక్కటే.

"ఒక హెలికాప్టర్‌లో పదోవంతు ఎలా కోస్తావయ్యా?" అన్నాడు కమాండర్. "తోకా? కిటికీలా? పైలట్ కాలు పెట్టుకునే చోటా?"

నేను నిజంగానే ఆలోచించాను. ఇంధనం తగ్గిద్దామన్నాను. ఇంధనం వేరే పద్దు, దాని కోత దానికుందన్నారు సాంబమూర్తి గారు. రంగు తక్కువ వేద్దామన్నాను. పెయింటు వేరే పద్దు. చివరికి హెలికాప్టర్ తయారుచేసే కంపెనీ వాళ్లే మా బాధ చూసి జాలిపడ్డారు. మొత్తం బరువులో సరిగ్గా పదోవంతు తూగే భాగాన్ని విప్పేసి ఇవ్వగలమనీ, విప్పినందుకు కూలి మాత్రం విడిగా ఇవ్వాలనీ కబురు పెట్టారు. సంఘం ఎంతో సంతోషించింది. సరిగ్గా పదోవంతు తూగిన భాగం పైన తిరిగే రెక్కలూ, వాటి ఇరుసూనూ.

హెలికాప్టర్ లారీలో వచ్చింది. కమాండర్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వంగి కిందకు చూశాడు. ఎక్కి లోపలికి చూశాడు.

"సాంబమూర్తి గారూ, ఇది ఎగరదండీ."

"నౌకపై ఉన్నది నౌకతోపాటు ప్రయాణించును గదా కమాండర్ గారూ. మరల విడిగా ఎగురుట ద్వంద్వ వ్యయము."

"మరి పైలట్లు?"

"పైలట్లు ఇరువురు. అందులో రెండవవారు ప్రతిదినమూ సాయంత్రపు టీకి మునుపే గృహమునకు వెళ్లవలెను. ఆ విధముగా లెక్క సరిపోవును."

కమాండర్ నా వైపు తిరిగాడు. నేను తల దించుకున్నాను. లెక్క నిజంగానే సరిపోయింది.

ఇక తప్పదు, బరువు లెక్క పూర్తిచేయాలి. చేశాను. మళ్లీ చేశాను. మూడోసారి కాలేజీలో మాకు నేర్పిన పద్ధతిలో చేశాను. మూడుసార్లూ ఒకే జవాబు. నీళ్లలో దిగగానే ఓడ ముందుకు ఒరిగి ముక్కు ముంచుతుంది. ముందుభాగం పైతట్టు నీటికి మీటరున్నర లోతున ఉంటుంది. ఆ పైతట్టు మీద ఆ సమయానికి ఎవరు నిలబడి ఉంటారో నాకు తెలుసు.

నేను దాచలేదు. ఉన్నదున్నట్టు రాసి, గెస్ట్‌హౌస్‌కు తీసుకెళ్లాను. సాంబమూర్తి గారు టిఫిన్ చేస్తున్నారు. ప్లేటులో నాలుగు ఇడ్లీలు. నాలుగింటికీ సమానంగా అంచు తుంచి పక్కన పెట్టి, మిగిలింది తింటున్నారు.

"సార్, ఓడ ముక్కు మునుగుతుంది సార్."

"ఎంత?"

"మీటరున్నర."

"దానికి కూడ పదిశాతము తగ్గించి వ్రాయుము."

"రాసినంత మాత్రాన మునిగేది తగ్గదు కదా సార్."

"వ్రాతలో తగ్గును గదా." ఆయన చెయ్యి కడుక్కుని నా నివేదిక మొత్తం ఓపిగ్గా చదివారు. తప్పని అనలేదు. చాలా చక్కగా, కొట్టివేతలు లేకుండా ఉందన్నారు. చివర్లో తన చేత్తో 'మునుగు అవకాశము గమనించడమైనది' అని రాసి సంతకం పెట్టారు. ఒక ప్రమాదాన్ని గమనించాక అది ఇక ప్రమాదం కాదని ఆయన నమ్మకం.

"సార్, మరి నేను దాని మీద నిలబడే ఆనవాయితీ... దానికేమైనా కోత..."

"ఆనవాయితీ కొనుగోలు కాదు బాబూ. దానికి నూటికి నూరుపాళ్లు వర్తింపు."

తేలుతుందన్న కాగితం మీద ఆయన చూపించిన చోట సంతకం పెట్టి వచ్చాను. ఆ మధ్యాహ్నమే ఎల్లాజీ యూనియన్ తరఫున నా దగ్గరకొచ్చాడు. ముఖం చాలా గంభీరంగా ఉంది.

"బాబూ, అందరికీ సమానం అన్నారు గదా. మరి మా గట్టు పనిలోన కోతేదీ? మమ్మల్ని తక్కువ సేత్తన్నారేటి? మావోళ్లు శానా బాధపడతన్నారు."

"ఏం కోత కావాలన్నా మీకు?"

"వెల్డింగు. పది అంగుళాలుంటే తొమ్మిది ఏత్తాం. ఒకటి ఒగ్గేత్తాం."

"వదిలేస్తే అందులోంచి నీళ్లొస్తాయి కదా!"

"వత్తే రానీండి. నీళ్లు మనకేటి పరాయోళ్లా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "అన్నా, దాని మీద నేను నిలబడాలన్నా."

ఎల్లాజీ తల గోక్కున్నాడు. "ఓలమ్మ, అదొకటుంది గదా. మర్సిపోనాను. సరే, మీకు నొప్పి లేని కాడ సూపించండి. అక్కడే కోసుకుంటాం. కోతంటూ ఉండాల. లేపోతే మా పరువేటి కావాల?"

గట్టు సామాను జాబితా ఇద్దరం కలిసి చూశాం. తాళ్లు తగ్గించడానికి నాకు భయం. దుంగలు తగ్గించడానికి అతనికి భయం. చివరికి గ్రీజు కనిపించింది. ఓడ గట్టు మీద నుంచి జారడానికి కింద దుంగల మీద పూసే గ్రీజు. గ్రీజులో పదోవంతు పోతే ఎవరికి నష్టం?

"అంతా పలసగా పూసీమంటారా, సివర ఒగ్గీమంటారా?"

నేను ఇంజనీరులాగా ఆలోచించాను. "మొదట్లో కదలకపోతే నా ఉద్యోగం పోతుంది. చివరికొచ్చేసరికి ఎలాగూ వేగం మీద ఉంటుంది కదన్నా. చివర వదిలెయ్."

"అదే బాగుంది. సివర ఎలగూ నీళ్లే గదా, నీళ్లే జారుత్తాయి," అన్నాడు ఎల్లాజీ. ఇద్దరం చాలా తృప్తిగా టీ తాగాం.

ఆ వారం అమ్మ ఫోన్ చేసింది. ఈ ఆనవాయితీ సంగతి మా చిన్నాయన కొడుకు నోట విన్నదట.

"నాయనా, ఆ పడవ నీళ్లల్లోకి పోయేటప్పుడు దానిమింద నువ్వెందుకు నిల్చుకోవల్ల? దాన్ని కట్టినోళ్లు నిల్చుకోనీ."

"నేనే కట్టినానమ్మా."

"మునిగితే?"

"మునగదులే."

"ఎవురు చెప్పినారు?"

"నేనే సంతకం పెట్టినా."

"నీ సంతకం చూసి సముద్రం గమ్మునుంటాదా? ఒద్దు నాయనా, ఆ ఉద్యోగం ఆడనే పారేసి వచ్చెయ్. ఈడ చెనిక్కాయ పీకేకి మనుషులు దొరకడం లే."

"అమ్మా, ఆ దినం అయిపోతే పర్మినెంటు చేస్తారు."



"పర్మినెంటా?"

"అవునమ్మా."

"అట్లయితే గట్టిగా పట్టుకోని నిల్చుకో," అంది అమ్మ.

జలప్రవేశం రోజున యార్డంతా షామియానాలు. బ్యాండువాళ్లలో పెద్ద డోలు వాయించేవాణ్ణి తగ్గించారు గనుక పాటలన్నీ కాస్త తేలిగ్గా వినిపించాయి. మంత్రిగారి ప్రసంగంలో చివరి పదోవంతు కోసేశారు. కాగితం ఎక్కడ అయిపోతే అక్కడ ఆగాలని ఆయనకు చెప్పారు. "దేశ రక్షణ విషయంలో ఈ ప్రభుత్వం రాజీ" అని ఆయన గట్టిగా అని, కాగితం తిరగేసి చూసి, కూర్చున్నారు. చప్పట్లు మోగాయి.

ఓడ ముందుభాగం మీద నేనూ, ఎల్లాజీ, అతని వెల్డర్లూ కలిసి పదిమందిమి. తొమ్మిది లైఫ్‌జాకెట్లు వచ్చాయి. మనుషులు కొనుగోలు కిందకు రారు, జాకెట్లు వస్తాయి. అందరూ వేసుకున్నాక నేను మిగిలాను. ఎల్లాజీ తన జాకెట్ విప్పి నా మెడలో వేశాడు.

"మరి నీకన్నా?"

"నాను పుట్టిందే నీళ్లలోన."

"మునిగితే నన్ను వదిలెయ్యవు కదా?"

"ఒగ్గెయ్యన్లే బాబూ. ఎలగూ ఉప్పుసేపంత ఉన్నారు, ఏటి బరువు?" అని తాడు బిగించి ముడేశాడు. ఆ ముడి విప్పడానికి తర్వాత కత్తి కావాల్సి వచ్చింది.

మంత్రిగారి సతీమణి కొబ్బరికాయ కొట్టారు. కింద అడ్డుగా పెట్టిన చెక్కలు తీసేశారు. ఓడ ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. నేను రెయిలింగు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. గాలి వీపున కొడుతోంది. బ్యాండు దూరమవుతోంది. మా ఊరి దేవుళ్లందరినీ పేరుపేరునా తలుచుకున్నాను. ఎవరినీ తగ్గించలేదు.

అప్పుడు కింద నుంచి కీచుమని పెద్ద చప్పుడు. కాలిన చెక్క వాసన. ఒక కుదుపు. పదిమందిమీ ఒకరి మీద ఒకరం పడ్డాం.

కళ్లు తెరిచాను. ఓడ ఆగిపోయింది. వెనకభాగమంతా నీళ్లలో ఉంది. ముందుభాగం గట్టు మీదే ఉంది. ప్రొపెల్లర్ల పక్కన చేపలు తిరుగుతున్నాయి, మా కింద ఒక కుక్క తిరుగుతోంది.

"ఆగిపోనాదేటి?" అన్నాడు ఎల్లాజీ కూర్చునే.

"చివర గ్రీజు లేదు కదన్నా."

సాంబమూర్తి గారు మైకు దగ్గరకు వెళ్లారు.

"సభికులారా! సంఘము నిర్దేశించిన సవరించిన లక్ష్యము ప్రకారము జలప్రవేశము నూటికి తొంబది పాళ్లు. అది నూటికి నూరుపాళ్లు సాధింపబడినదని తెలియజేయుటకు సంతసించుచున్నాను."

ముందు ఒకరు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. బ్యాండు కూడా మొదలైంది. నేను బతికాను. ఉద్యోగం వచ్చింది.

కానీ కమాండర్ ప్రభుదాస్ ఊరుకోలేదు. ఎంతైనా అది ఆయన ఓడ. "ఇంకొంచెమే కదా ఉంది! ఆ టగ్గుల్ని పిలవండి! తాళ్లు కట్టి లాగేయండి!" అని కింద నుంచి కేకలేశాడు. మంత్రిగారు సరేనన్నట్టు తలూపారు. చిన్న లాగుడు ఓడలు రెండు మా ఓడ వెనకవైపుకు వచ్చాయి. తాళ్లు కట్టారు.

ఎల్లాజీ నా చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, లాగితే ఏటవుద్ది?"

"ముక్కు మునుగుతుంది. మనం ముక్కు మీదే ఉన్నాం."

"మరి సెప్పరేటి ఆళ్లకి?"

"చెప్పానన్నా. గమనించారు."

తాళ్లు బిగుస్తున్నాయి. నేను రెయిలింగు మీదకు వంగి అరిచాను. "సార్! లాగితే మునుగుతాం సార్! పదిమంది ఉన్నాం సార్!"

సాంబమూర్తి గారు తల పైకెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూశారు. "ఆ విషయము ఇదివరకే గమనించడమైనది బాబూ!"

ఓడ కింద దుంగలు మూలిగాయి. మేం ఒక జానెడు కదిలాం. పక్కన ఒక వెల్డరు తన పిల్లల పేర్లు పైకి చదువుకుంటున్నాడు. నాకు చదువు గుర్తొచ్చింది, కానీ కాలేజీలో చదివింది కాదు. ఇన్ని నెలలుగా ఆ ఉత్తర్వును ఎన్నిసార్లు చదివానో! కింద గీత గీసిన ఆ వాక్యం కళ్ల ముందుకొచ్చింది. గొంతు చించుకుని అరిచాను.

"సార్! పూర్తిగా లాగితే జలప్రవేశము నూటికి నూరు అయిపోవును సార్! అన్నిటికీ కోత ఉండి దీనికొక్కదానికి లేనట్లగును! ఉత్తర్వు ఉల్లంఘన సార్!"

సాంబమూర్తి గారి ముఖంలో రక్తం ఇంకిపోయింది. మైకును రెండు చేతులా పట్టుకున్నారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

"ఆపండ్రా! ఒరేయ్ ఆపండి! తాళ్లు కోసేయండ్రా ముందు!"

తాళ్లు కోశారు. లాగుడు ఓడలు వెళ్లిపోయాయి. ఓడ ఇక కదలలేదు. ఎల్లాజీ నన్ను గట్టిగా కౌగిలించుకుని, "సదువంటే ఇదేరా నాయనా," అని ముద్దు పెట్టుకున్నాడు. అందులో గ్రీజు వాసన ఉంది.

సాంబమూర్తి గారు అక్కడికక్కడే తీర్మానం చదివారు. మిగిలిన పదోవంతు జలప్రవేశము శాశ్వతముగా ఆదా అయినట్లు ప్రకటించడమైనది. సదరు అతిక్రమణను సకాలములో నివారించిన ప్రొబేషనరు శ్రీ ఓబులేసు సేవలను నేటినుండి క్రమబద్ధీకరించడమైనది. కమాండర్ ప్రభుదాస్ మొదట చాలా చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఓడ విధుల్లో చేరినట్టు కాగితం చేతికిచ్చాక సెల్యూట్ కొట్టి పుచ్చుకున్నాడు. ఇలాంటివి మరో మూడు కట్టమని పైనుంచి ఉత్తర్వు రాబోతున్నట్టు పౌరసంబంధాల అధికారి చెప్పుకుంటూ తిరిగాడు. వాటికి సముద్రం కూడా తక్కువే పడుతుందట.

షామియానాలు విప్పుతున్నారు. మేం పైన నిచ్చెన కోసం చూస్తూ కూర్చున్నాం. ఫోన్ మోగింది.

"నాయనా, అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"మునిగిందా?"

"లేదు."

"అయితే తేల్తా ఉండాదా?"

"అదీ లేదమ్మా."

అమ్మకు అంతుపట్టలేదు. "మునగలేదంటావు, తేలలేదంటావు. ఇంతకీ నువ్వు యాడుండావురా? నీళ్లల్లోనా, నేల మిందనా?"

వెనక్కి తిరిగి చూశాను. నీళ్లు. ముందుకు చూశాను. కింద కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. అమ్మకు మరో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఉద్యోగంలో ఉండానమ్మా," అన్నాను.